బ్రేకు తొక్కితే ముందు నుంచి ‘ఠక్’: పాత ఫోర్ బై ఫోర్ పికప్‌లో బుష్ అరిగిందని ఎలా తేల్చుకోవాలి

తమ్ముడూ, నువ్వు చెప్పిన సంగతులు ముందు ఒకచోట పెడతాను. ఇదే బాధ ఉన్న మిగతావాళ్లకూ పనికొస్తుంది. బండి 2011 టాటా జెనాన్ ఫోర్ బై ఫోర్, సెకండ్ హ్యాండ్‌లో కొన్నావు. ములుగు వైపు నుంచి మిర్చి, పత్తి వేసుకుని వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు వస్తుంటావు. బ్రేకు తొక్కగానే ముందు ఎడమ వైపు ఒక్కసారి ‘ఠక్’ మంటోంది. రివర్సులో బ్రేకు వేస్తే మళ్లీ ఒకటి. ఖాళీగా తిరిగొచ్చేటప్పుడు చప్పుడు ఎక్కువ. గుడెప్పాడ్ దాటి కాస్త స్పీడు అందుకుంటే స్టీరింగ్ నిలకడగా ఉండట్లేదు. ముందు టైర్లు లోపలి అంచున అరిగిపోతున్నాయి, అలైన్‌మెంట్ చేయించినా కొన్నాళ్లకే మళ్లీ మొదటికొస్తోంది. ఒక మెకానిక్ జాకీ ఎక్కించి చక్రం ఊపి చూసి ‘ఏం లేదు’ అన్నాడు. ఇంకొకాయన ఆర్ములు (చక్రాన్ని ఛాసిస్‌కు పట్టే ఇనుప చేతులు), షాకప్పులు, బాల్ జాయింట్లు (ఆర్మ్‌ను చక్రం వైపు కలిపే గుండ్రటి కీళ్లు) రెండు వైపులా మొత్తం మార్చాలన్నాడు. ఎవరి మాట వినాలన్నది నీ ప్రశ్న.

నా అంచనా లోయర్ ఆర్మ్ బుష్, అంటే కింది ఆర్మ్ ఛాసిస్‌ను పట్టుకునే చోట ఉండే రబ్బరు కీలు. కానీ నా అంచనా మీద కూడా డబ్బు పెట్టకు. ముందు తేల్చుకో, తర్వాత సామాను కొను. తేల్చుకోవడానికి పెద్ద పనిముట్లేం అక్కర్లేదు: ఒక టార్చి, ఒక టామీ రాడ్ (పొడుగాటి ఇనుప కడ్డీ), తోడుగా ఒక మనిషి, ఒక గంట టైము చాలు.

ముందు బుష్ ఏం చేస్తుందో తెలిస్తే మిగతావన్నీ అర్థమవుతాయి. బయట ఒక ఇనుప గొట్టం, లోపల ఇంకో చిన్న గొట్టం, రెండింటి మధ్య గట్టిగా అతికించిన రబ్బరు. బయటి గొట్టం ఆర్మ్‌లో బిగుతుగా కూర్చుంటుంది. లోపలి గొట్టాన్ని బోల్టు ఛాసిస్ బ్రాకెట్‌కు పట్టి ఉంచుతుంది. చక్రం పైకీ కిందకీ ఆడినప్పుడు లోపలి గొట్టం తిరగదు, మధ్యలో ఉన్న రబ్బరు మెలిపడి మళ్లీ యథాస్థితికి వస్తుంది. అందుకే దీనికి గ్రీజు పాయింటు ఉండదు. రబ్బరు చీలినా, గొట్టం నుంచి ఊడినా ఆర్మ్‌కు ముందుకీ వెనక్కీ జరిగే చోటు దొరుకుతుంది.

ఇక నీ ‘ఠక్’ సంగతి. బ్రేకు వేసినప్పుడు రోడ్డు టైరును వెనక్కి లాగుతుంది, బండి బరువేమో ముందుకు తోసుకుపోతుంది. ఆ రెండింటి మధ్య నలిగేది లోయర్ ఆర్మ్ బుష్షులే. రబ్బరు ఊడి ఉంటే ఆర్మ్ ఆ కాస్త ఖాళీ జరిగి, ఇనుముకు ఇనుము తగిలి ఆగుతుంది. బ్రేకు పట్టి ఉన్నంతసేపు అది అక్కడే ఆనుకుని ఉంటుంది కాబట్టి రెండో చప్పుడు రాదు. రివర్సులో బ్రేకు వేస్తే ఎదురు దిక్కుకు జరుగుతుంది, అప్పుడు ఇంకోటి. నువ్వు రాసింది అచ్చం ఇలాగే ఉంది.

కానీ దీనికి ఒక కవల ఉంది, చాలామంది అక్కడ మోసపోతారు. కాలిపర్ (ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం) బ్రాకెట్‌లో బ్రేక్ ప్యాడ్లు వదులుగా ఉన్నా ఇదే తీరులో చప్పుడు చేస్తాయి. తేడా తేలిగ్గా తెలుస్తుంది. రివర్సు చేసి, తర్వాత ముందుకు వెళ్తూ వరసగా నాలుగైదు సార్లు బ్రేకు వెయ్యి. ప్యాడ్లయితే మొదటి బ్రేకుకు మాత్రమే ‘టిక్’ మంటుంది, ఎందుకంటే ప్యాడ్ ఒకసారి జరిగితే మళ్లీ వెనక్కి బండి నడిచేదాకా అక్కడే ఉంటుంది. బుష్ అయితే బ్రేకు వదిలి యాక్సిలేటర్ తొక్కిన ప్రతిసారీ ఆర్మ్ పాత చోటికి వచ్చేస్తుంది, కాబట్టి దాదాపు ప్రతి బ్రేకుకూ చప్పుడు వస్తుంది. అది బరువైన చప్పుడు, పాదాల కింద ఫ్లోర్‌లో తెలుస్తుంది. పైగా వదులు ప్యాడ్ వల్ల స్టీరింగ్ పక్కకు పోదు.

మొదటి మెకానిక్‌కు ఏమీ ఎందుకు దొరకలేదో కూడా చెప్పాలి. ఆయన అబద్ధం ఆడలేదు. చక్రం గాల్లో ఉండగా పైనా కిందా పట్టి ఊపితే వీల్ బేరింగ్, బాల్ జాయింట్ తెలుస్తాయి. పక్కల పట్టి ఊపితే స్టీరింగ్‌ను చక్రానికి కలిపే టై రాడ్ ఎండ్ తెలుస్తుంది. బుష్ మాత్రం ఆ పరీక్షలో చాలాసార్లు దాక్కుంటుంది. చక్రం వేలాడుతున్నప్పుడు ఆర్మ్ పూర్తిగా కిందికి దిగి, రబ్బరు ఒక పక్కకు మెలిపడి, ఉన్న లూజును తానే పట్టేసి ఉంటుంది. మనిషి చేతి బలం ఎక్కడ, నిండు లోడుతో బ్రేకు పడినప్పుడు వచ్చే బలం ఎక్కడ? బుష్‌ను చూడాలంటే దాని మీద బరువు ఉండగానే, అది పని చేస్తుండగానే చూడాలి. నేను ఈ జవాబు రాస్తున్నదే ఈ ఒక్క మాట కోసం.

అలా చూడటానికి చదునైన ఖాళీ జాగా వెతుక్కో, ధాన్యం ఆరబోసే కల్లం అయినా సరే. నువ్వు మనిషి నడిచేంత వేగంతో బండి ముందుకు పోనిచ్చి బ్రేకు గట్టిగా వెయ్యి. తర్వాత వెనక్కి పోనిచ్చి అలాగే వెయ్యి. నీ తోడు మనిషి బండికి పక్కన, రెండు మూడు మీటర్ల దూరంలో నిలబడి ముందు చక్రాన్ని చూడాలి. బండికి ఎదురుగా గానీ వెనక గానీ ఎవరూ ఉండొద్దు. చూడాల్సింది టైరుకూ మడ్‌గార్డు వెనక అంచుకూ మధ్య ఖాళీ. మంచి బుష్ ఉన్నా చక్రం రవ్వంత వెనక్కి వెళ్తుంది, కానీ మెత్తగా వెళ్లి మెత్తగా వస్తుంది. పోయిన బుష్‌తో ఉన్నట్టుండి కుదుపుతో జరుగుతుంది. కుడి వైపు కూడా చూసి పోల్చండి, ఒక్క వైపు చూసి తీర్పు చెప్పడం కష్టం. ఫోన్‌తో స్లో మోషన్‌లో వీడియో తీస్తే ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. ఫోన్‌ను టైరు దారికి బయట ఒక ఇటుకకు ఆనించి, లైటు వేసి, ఆర్మ్ బ్రాకెట్ వైపు తిప్పి పెట్టినా సరే. బండి కదులుతుండగా మాత్రం కింద మనిషి ఉండకూడదు.

దీని తర్వాతే కిందికి దూరడం. ఇంజిన్ ఆపు, గేరులో పెట్టు, హ్యాండ్ బ్రేకు లాగు, తాళం చెవి జేబులో వేసుకో, వెనక చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టు. పికప్ కాబట్టి జాకీ లేకుండానే దూరేంత ఎత్తు ఉంటుంది, అదే మేలు కూడా, బరువు చక్రాల మీదే ఉంటుంది. ముందురోజు బుష్షుల చుట్టూ మట్టి మామూలు నీళ్లతో కడిగి ఆరనివ్వు. ములుగు వైపు ఎర్రమట్టి పట్టి ఉంటే ఏ పగులూ కనిపించదు.

రబ్బరు మీద సన్నని గీతల్లాంటి పగుళ్లు చూసి భయపడొద్దు, ఈ వయసు బండికి అవి ఉంటాయి. చూడాల్సినవి వేరే. లోపలి గొట్టం సరిగ్గా మధ్యలో ఉందా, ఒక పక్కకు వాలిందా? రబ్బరుకూ గొట్టానికీ మధ్య వెలుతురు కనిపించేలా ఎడం వచ్చిందా? రబ్బరు పక్కకు ఉబ్బి బయటికి వచ్చిందా? బ్రాకెట్ లోపలి గోడ మీద ఆర్మ్ రాసుకున్నట్టు మెరిసే గీత ఉందా? గొట్టం అంచున ఎర్రటి తుప్పు పొడి రాలుతోందా? చివరి రెండూ కనిపిస్తే ఇక నాకు అనుమానం ఉండదు. ఇనుము ఇనుముతో రాసుకుంటేనే ఆ మెరుపూ ఆ పొడీ వస్తాయి.

తర్వాత టామీ రాడ్‌ను ఆర్మ్‌కూ బ్రాకెట్‌కూ మధ్య పెట్టి, ముందుకీ వెనక్కీ నిదానంగా ఒత్తు. ఇక్కడ తొందరపడి మంచి బుష్‌ను పోయిందనేవాళ్లు చాలామంది. రబ్బరు అన్నాక ఒత్తితే కదలాలి. ఒత్తినకొద్దీ ఎదురు తిరుగుతూ కదిలి, వదలగానే వెనక్కి వస్తే అది బాగున్నట్టు. ఏ ఎదురూ లేకుండా ‘టక్’మని జరిగి అక్కడే ఉండిపోతే పోయినట్టు. అప్పర్ ఆర్మ్ బుష్షులు, స్టెబిలైజర్ బార్‌ను (మలుపుల్లో బండి ఒరగకుండా ఆపే అడ్డ కడ్డీ) ఛాసిస్‌కు పట్టే డి బుష్షులు, షాకప్ కింది బుష్ కూడా అదే చేత్తో చూసెయ్.

చప్పుడు తీరును బట్టి కూడా చాలా తెలుస్తుంది. చిన్న చిన్న గతుకుల మీద నెమ్మదిగా పోతుంటే గలగలమంటే స్టెబిలైజర్ లింకులు గానీ డి బుష్షులు గానీ. అనుమానం ఉంటే రెండు వైపులా లింకులు విప్పి, బార్ దేనికీ తగలకుండా కట్టేసి, ఊళ్లోనే నెమ్మదిగా కొంచెం దూరం తోలి చూడు. చప్పుడు పోతే దొంగ దొరికినట్టే. అలా విప్పి హైవే ఎక్కొద్దు, మలుపుల్లో బండి బాగా ఒరుగుతుంది. స్పీడ్ బ్రేకర్ దిగేటప్పుడు ఒక్కసారే దడ్‌మంటే షాకప్ మౌంటింగు వైపు చూడాలి. కీచుమంటే ఒక్కో బుష్ మీద విడివిడిగా నీళ్లు చల్లి బండిని ఊపు, ఏది తడిస్తే చప్పుడు ఆగిందో అదే.

ఫోర్ బై ఫోర్‌కు ఉండే అదనపు చప్పుళ్లు వేరు. క్లచ్ వదిలి బండి కదిలేటప్పుడు ఠక్‌మంటే ప్రొపెల్లర్ షాఫ్ట్ (ఇరుసుకు పవర్ తీసుకెళ్లే పొడుగాటి గొట్టం) క్రాసులు, అంటే దాని కీళ్లు చూడు. స్టీరింగ్ పూర్తిగా తిప్పి తోలితే టకటకమంటే బయటి సి.వి. జాయింట్, అంటే ముందు చక్రానికి పవర్ అందించే షాఫ్టు కీలు. టూ హైలో (వెనక చక్రాలకే పవర్) ఏ చప్పుడూ లేక, ఫోర్ హైలో (నాలుగు చక్రాలకూ పవర్) యాక్సిలేటర్ తొక్కినప్పుడూ వదిలినప్పుడూ మాత్రమే వస్తే, ముందు డిఫరెన్షియల్‌ను పట్టే రబ్బరు మౌంటింగులను, ముందు షాఫ్టులను అనుమానించాలి. ఈ పరీక్ష మట్టిలోనో ఇసుకలోనో చెయ్యి. తారు రోడ్డు మీద ఫోర్ హైలో పెట్టి స్టీరింగ్ తిప్పితే ముందూ వెనకా ఇరుసులు ఒకదాన్నొకటి బిగబట్టుకుంటాయి, లేని చప్పుళ్లు పుడతాయి, ముందూ వెనకా ఇరుసులకు పవర్ పంచే ట్రాన్స్‌ఫర్ కేసుకూ మంచిది కాదు.

ఖాళీగా తిరిగొచ్చేటప్పుడు చప్పుడు ఎక్కువ అన్నావు. ముందు డాలా (సామాను వేసే తొట్టి తలుపు) గొలుసులు, కింద వేలాడే స్టెపినీ, సీటు వెనక జాకీ బిగుతుగా ఉన్నాయో లేవో చూసుకో. వెనక కమాన్ పట్టీలు బరువు లేనప్పుడు బిర్రుగా ఉండి బండిని ఎగరేస్తాయి, అప్పుడు వదులుగా ఉన్న ప్రతిదీ మోగుతుంది.

బ్రేకు వేసినప్పుడు ఒక పక్కకు లాగడానికి బుష్ ఒక్కటే కారణం కాదు. కాలిపర్ పిన్నులు పట్టేసినా లాగుతుంది. కొంత దూరం తోలి ఆపి, రెండు ముందు రిమ్ములకు దగ్గరగా చెయ్యి పెట్టి చూడు, ముట్టుకోవద్దు. ఒకటి బాగా సెగ కొడుతుంటే ముందు బ్రేకు పని చూపించు.

బాల్ జాయింట్‌ను చూడటానికి మాత్రం జాకీ కావాలి. నీ బండికి ముందు కాయిల్ స్ప్రింగు లేదు, టార్షన్ బార్ ఉంది, అంటే మెలిపడుతూ స్ప్రింగులా పని చేసే ఇనుప కడ్డీ. పాత సఫారీలోనూ ఇదే పద్ధతి. ఆ బార్ ఏ ఆర్మ్‌కు బిగించి ఉందో ఆ ఆర్మ్ మీద బండి బరువు ఉంటుంది. అది లోయర్ ఆర్మ్ అయితే జాకీ ఆ ఆర్మ్ కిందే, బాల్ జాయింట్‌కు దగ్గరగా పెట్టి లేపాలి, అప్పుడే జాయింట్ మీద భారం తగ్గి లూజు బయటపడుతుంది. ఛాసిస్ కింద స్టాండు తప్పకుండా పెట్టు, ఇటుకల మీద నమ్మకం పెట్టుకోవద్దు. చక్రాన్ని పైనా కిందా పట్టి ఊపుతుంటే తోడు మనిషి బ్రేకు తొక్కాలి. తొక్కగానే లూజు మాయమైతే వీల్ బేరింగ్. అలాగే ఉంటే బాల్ జాయింట్ గానీ బుష్ గానీ, కదలిక ఎక్కడుందో టార్చి వేసి చూస్తే కనిపిస్తుంది. బుష్ కొన్నాళ్లు ఏడిపిస్తుంది, బాల్ జాయింట్ ఊడితే చక్రమే మడతపడుతుంది. అందులో లూజు కనిపిస్తే మాత్రం లోడు వేయకు, నేరుగా షెడ్డుకు తీసుకెళ్లు.

టైర్ల సంగతికి వస్తాను. అరచేతిని ట్రెడ్ మీద అడ్డంగా లోపలికీ బయటికీ నిమురు. ఒక దిక్కుకు నున్నగా, ఎదురు దిక్కుకు రంపపు పళ్లలా తగిలితే టో (పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండటం) తేడా ఉంది. నున్నగానే ఉండి లోపలి అంచు మాత్రమే అరిగితే క్యాంబర్ (ముందు నుంచి చూస్తే చక్రం పక్కకు వాలి ఉండటం) వైపు చూడాలి. అలైన్‌మెంట్ యంత్రం బండి నిలబడి ఉన్నప్పుడు కొలుస్తుంది. బుష్ పోయిన బండిలో చక్రం నిలబడ్డప్పుడు ఒక చోట, పోతున్నప్పుడు ఇంకో చోట, బ్రేకు పడితే మరో చోట ఉంటుంది. ఆ పరిస్థితిలో ఎన్నిసార్లు అలైన్‌మెంట్ చేయించినా దండగే. లూజులు తీసేదాకా ఆ డబ్బు జేబులోనే ఉంచుకో.

ఇంకో కొలత నువ్వే తీసుకో. చదునైన చోట, టైర్లలో గాలి సమానంగా పెట్టి, హబ్ (చక్రం నడిబొడ్డు) మధ్య నుంచి మడ్‌గార్డు అంచు దాకా రెండు వైపులా టేపుతో కొలిచి రాసి పెట్టుకో. రెండు వైపులా బాగా తేడా ఉంటే టార్షన్ బార్ ఒక వైపు దిగిందని అర్థం, దానితో క్యాంబర్ కూడా మారుతుంది. ఎత్తుగా కనిపించాలని బార్ బోల్టులు బాగా బిగించేస్తుంటారు కొందరు. సెకండ్ హ్యాండ్ బండి కాబట్టి నీకంటే ముందున్నవాళ్లు చేసి ఉండొచ్చు. అలా చేస్తే ఆర్ములు ఎప్పుడూ కిందికి వంగి ఉంటాయి, బుష్, బాల్ జాయింట్, సి.వి. బూటు (ఆ జాయింట్ మీది రబ్బరు తొడుగు) మూడూ తొందరగా పోతాయి. అప్పుడు బుష్ మార్చడం ఒక్కటే చాలదు, ఎత్తు కూడా సరిచేయాలి.

మన దగ్గర బుష్షులు తొందరగా పోవడానికి ఎండ ఒక కారణం. ఏప్రిల్, మే నెలల్లో 44, 45 డిగ్రీల ఎండలో రబ్బరు గట్టిపడి పగులుతుంది. అంతకంటే నాకు బాధ కలిగించేది వాటర్ సర్వీసింగు తర్వాత బండి కింద డీజిలో, పాత ఇంజిన్ ఆయిలో కొట్టించే అలవాటు. తుప్పు పట్టదని, చప్పుళ్లు ఆగుతాయని కొట్టిస్తారు. చప్పుడు ఆగేది కొన్నాళ్లే. పెట్రోలియం నూనె తగిలిన రబ్బరు ఉబ్బి, మెత్తబడి, గొట్టం నుంచి విడిపోతుంది. ఛాసిస్‌కు తుప్పు రాకుండా పూతలు వేయించు, కానీ బుష్షుల మీద నూనె పడనివ్వకు. కీచుమంటే సిలికాన్ స్ప్రే చాలు.

బుష్ పోయిందని తేలితే రెండు వైపులా ఒకేసారి మార్చు. రెండో మెకానిక్ చెప్పినట్టు మొత్తం మార్చాల్సిన అవసరం పరీక్షలో తేలాలి. షాకప్ నుంచి ఆయిల్ కారకపోతే, బండి ముందు భాగాన్ని నొక్కి వదిలితే ఊగుతూ ఉండకపోతే అది ఉండనీ. బాల్ జాయింట్ బూటు చిరగకుండా, లూజు లేకుండా ఉంటే అదీ ఉండనీ. బూటు చిరిగి ఉంటే మాత్రం ఆర్మ్ ఎలాగూ కిందికి దిగుతుంది కాబట్టి అప్పుడే మార్చేయడం మంచిది, కూలి ఒకసారే పడుతుంది.

ఆర్మ్ విప్పాలంటే టార్షన్ బార్ బిగువు వదలాలి. అది తెలిసిన చేయి చేయాల్సిన పని, బార్‌లో నిలవ ఉన్న బలం మనిషిని గాయపరుస్తుంది. విప్పే ముందు అడ్జస్టింగ్ బోల్టు ఎంత పొడవు బయట ఉందో కొలిచి, బార్ మీద పెయింటుతో గుర్తు పెట్టించు. పాత బుష్‌ను సుత్తితో బాదించకు, ఆర్మ్ కన్ను వంకరపోతుంది. ఆటోనగర్‌లో ప్రెస్సు ఉన్న లేత్ షాపుకు ఆర్మ్ తీసుకెళ్లి, పాతది తీయించి కొత్తది ఎక్కించు. కొన్ని బుష్షుల రబ్బరులో ఖాళీలు వదిలి ఉంటాయి, అవి ఏ దిక్కుకు ఉండాలో లెక్క ఉంటుంది. పాతది తీయకముందే ఫోటో తీసి పెట్టుకో. తుప్పు పట్టిన బోల్టులు చాలాసార్లు లోపలి గొట్టానికి అతుక్కుపోయి కోయాల్సి వస్తుంది, కొత్తవి ముందే తెచ్చి పెట్టుకో.

లేత్‌లో నైలాన్ బుష్ తిప్పి ఇస్తామంటారు, చవక కూడా. ఆర్ములకు నేను వద్దంటాను. నైలాన్ మెలిపడదు, దెబ్బను తినదు, ఆ దెబ్బ బ్రాకెట్‌కు చేరి బోల్టు రంధ్రం సాగుతుంది. రంధ్రం సాగితే వెల్డింగు దాకా పోతుంది. పాలీయురేతేన్ బుష్షులు గట్టివే, కానీ వాటికి సిలికాన్ గ్రీజు పెడుతూ ఉండాలి, బురదలో తిరిగే బండిలో కీచుమంటాయి. నీ వాడకానికి కంపెనీ రబ్బరు బుష్షే సరైనది. పార్ట్ నంబరు చూసి, బిల్లుతో కొను.

అన్నిటికంటే ముఖ్యమైంది, షెడ్డులో నువ్వు దగ్గర నిలబడి చూసుకోవాల్సింది, చివరి బిగింపు. బోల్టులను ముందు వదులుగానే పెట్టించు. చక్రాలు బిగించి, బండిని నేల మీదికి దింపి, కొంచెం ముందుకీ వెనక్కీ తోసి, ముందు భాగాన్ని నాలుగుసార్లు నొక్కి, బార్ ఎత్తు పాత కొలతకు తెచ్చాక అప్పుడు బుష్ బోల్టులు టార్క్ రెంచితో బిగించాలి. చక్రాలు గాల్లో వేలాడుతుండగానే బిగించేస్తే, రబ్బరుకు ఆ వేలాడే స్థితే మామూలు స్థితి అయిపోతుంది. బండి దిగిన క్షణం నుంచి అది రోజంతా మెలిపడే ఉంటుంది, ఏళ్లు రావాల్సిన బుష్ నెలల్లో చీలిపోతుంది. ‘మొన్ననే కొత్తవి వేయించా, మళ్లీ పోయాయి’ అనేవాళ్ల బండ్లలో చాలావరకు జరిగేది ఇదే. కంపెనీ సామానుకు చెడ్డపేరు వస్తుంది, తప్పు బిగింపులో ఉంటుంది.

తర్వాత అలైన్‌మెంట్ చేయించు, ఈసారి నిలబడుతుంది. ఒక 500 కి.మీ. తిరిగాక బోల్టులు మళ్లీ ఒకసారి చూపించు, ఎత్తు మళ్లీ కొలువు. బార్ కొద్దిగా సర్దుకుని ఎత్తు తగ్గి ఉంటే, దాన్ని సరిచేశాక అలైన్‌మెంట్ కూడా ఇంకోసారి చూడాల్సి వస్తుంది. కల్లంలో తీసిన వీడియో, బ్రాకెట్ ఫోటోలు ఇక్కడ పెట్టు, ఎడమ కుడి రెండూ. చూసి ఏ బుష్షో చెప్తాను.